ముందు అరకిలో యాపిల్స్ కొను, తర్వాత కెమెరా తియ్యి

అన్నా అని పిలిచి అడిగావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా తమ్ముడూ, ఏమనుకోకు. నీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మ్యూనిక్‌లో మాస్టర్స్ చేస్తున్నావ్, చేతిలో ఒక క్రాప్ సెన్సర్ (పాత ఫిల్మ్ ఫ్రేము కంటే చిన్న సెన్సర్) కెమెరా, దాంతోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉన్నాయి, అక్కడి విక్టువాలియెన్‌మార్క్ట్ అనే పెద్ద కూరగాయల, తిండి సరుకుల మార్కెట్‌కి మూడు శనివారాలు వెళ్ళి నాలుగొందల ఫొటోలు తీశావ్, అన్నీ టూరిస్టు పోస్టుకార్డుల్లా వచ్చాయి, పైగా ఒక కొట్టావిడ నీ మీద అరిచింది. దూరం నుంచి తీస్తే గొడవే ఉండదు కదా అని ఇప్పుడు 55-250 జూమ్ కొందామనుకుంటున్నావ్. ఈస్టర్ సెలవల్లో పారిస్, బార్సిలోనా వెళ్తున్నావ్, అక్కడ రూల్స్ ఏంటి, అసలు ఎలా తియ్యాలి అని.

నేను రోటర్‌డామ్‌లో ఉంటా, పదకొండేళ్ళయింది, ఉద్యోగం వేరే, ఫొటోలు శనివారాల పిచ్చి. నేను చేసిన తప్పులే నువ్వూ చేస్తున్నావ్ కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, టీ పెట్టుకుని చదువు.

ముందు జూమ్ సంగతి. కొనొద్దు. నేను కొన్నా, 70-300, వచ్చిన మొదటి ఏడాదే. ఒక ఊళ్ళో చేపల కొట్టు ఎదురుగా రోడ్డుకి అవతల చెట్టు పక్కన నిలబడి అరగంట సేపు తీశా, నన్నెవరూ చూడట్లేదనే అనుకున్నా. ఆ చేపలాయన ఏప్రాన్‌తోనే రోడ్డు దాటుకుని వచ్చి నా ముందు నిలబడి, అరవలేదు కూడా, నెమ్మదిగా, నువ్వు టాక్స్ వాళ్ళ మనిషివా అని అడిగాడు. ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయా. దూరం నుంచి పొడుగు లెన్స్‌తో తీసేవాడు ఎవడికైనా దొంగలాగే కనపడతాడు, దగ్గర నిలబడి చిన్న కెమెరాతో తీసేవాడు మహా అయితే పిచ్చోడిలా కనపడతాడు, పిచ్చోడితో ఎవరికీ ఇబ్బంది ఉండదు. అది పక్కనపెట్టినా 250 ఎంఎంలో తీస్తే మనిషి మొహం ఒక్కటే వస్తది, వెనక అంతా మసక, ఇక అది మార్కెట్టో బస్టాపో ఎవరికి తెలుసు?

ఇంకో మాట. నాది తెనాలి. కూరగాయల మార్కెట్లో మా పెదనాన్నకి కొట్టుండేది, వేసవి సెలవల్లో నేను గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాణ్ణి. కొట్టు వెనక కూర్చున్నవాడికి లోకం ఎలా కనపడుతుందో ఒకసారి చూస్తే నీకు ఈ మొత్తం సగం అర్థమైపోతది. కొనకుండా ఊరికే ఎదురుగా నిలబడ్డవాడంటే చిరాకు, ఎందుకంటే వాడు నిలబడ్డ చోట ఒక బేరం నిలబడాలి. మా పెదనాన్న అలాంటోళ్ళని చూసి "బాబూ, కొంటే కొను, లేకపోతే నీడ వదులు" అనేవాడు. విక్టువాలియెన్‌మార్క్ట్‌లో నీ మీద అరిచినావిడ కూడా జర్మన్‌లో అదే అని ఉంటది. 1807లో రాజు మాక్సిమిలియన్ ఇప్పటి మారియెన్‌ప్లాట్జ్‌లో పట్టక అక్కణ్ణుంచి తరలించి పెట్టించిన మార్కెట్ అది, అక్కడ కూర్చున్న ప్రతి మనిషికీ రోజుకి ఎన్ని వందల ఫోన్లు మొహమ్మీద పడతాయో ఆలోచించు. ఆస్పరాగస్ కట్టలకి ఫొటో తీసి, ఒక్క కట్ట కూడా కొనకుండా వెళ్ళిపోతారు అందరూ.

అందుకే నేను ఎవరికైనా చెప్పే మొదటి సంగతి, మార్కెట్లో కొనేవాడిలా ఉండాలి, వాకింగ్ స్ట్రీట్‌లో, అంటే బండ్లు రాని షాపుల వీధిలో, స్తంభంలా ఉండాలి. ఇవి రెండూ వేరు వేరు పనులు, చాలామంది రెండు చోట్లా ఒకేలా తిరుగుతూ తీస్తారు, అందుకే రెండూ పాడవుతాయి.

మార్కెట్ సంగతి ముందు చెప్తా. నీ నాలుగొందల ఫొటోల్లో ఎన్ని సరుకు ఫొటోలు ఉన్నాయో లెక్కపెట్టుకో. టమాటాలు, చీజ్ చక్రాలు, పూలు, వేలాడే సాసేజులు. మూడొందలు దాటి ఉంటాయని పందెం. సరుకు రంగు ఎవరు తీసినా ఒకటే, దాంట్లో నువ్వు చేసిందేం లేదు, అమ్మేవాడు పేర్చిన పేర్పుని నువ్వు కాపీ కొట్టావ్ అంతే. మార్కెట్ ఉండేది బల్ల మీద కాదు, బల్లకి ఇటూ అటూ ఉన్న రెండు చేతుల మధ్యలో. డబ్బులిచ్చే చెయ్యి, సంచి అందుకునే చెయ్యి, పండు నొక్కి చూసే బొటనవేలు, అది చూసి అమ్మేవాడి మొహం ఎలా మారిందో, చిల్లర లెక్కపెట్టుకునే ముసలావిడ, కాటా ముల్లు మీద ఇద్దరి చూపు. యూరప్‌లో ఇప్పుడు కాటాలన్నీ ఎలక్ట్రానిక్, కార్డు మెషిన్ ముందుకి చాపుతారు, అయినా ఆ చాపడంలో కూడా ఒక పోజు ఉంటది చూడు. బేరం మొదలవడం, నడవడం, ముగియడం మొత్తం నలభై సెకన్లు, ఆ నలభై సెకన్లలో ఫొటో రెండు చోట్ల ఉంటది, ఒకటి కొనాలా వద్దా అని తటపటాయించేటప్పుడు, రెండోది సంచి చేతులు మారేటప్పుడు. మధ్యలో ఏం ఉండదు, తీసి బ్యాటరీ తగలెయ్యకు.

దానికి దగ్గరుండాలి, మీటరున్నర రెండు మీటర్లు. అంత దగ్గర ఊరికే నిలబడలేవు, కాబట్టి క్యూలో నిలబడు. యూరప్‌లో మనకున్న పెద్ద వరం క్యూ. నీ ముందు ముగ్గురుంటే నీకు పది నిమిషాలు హక్కుగా అక్కడ నిలబడే టైమ్ దొరికినట్టే, ఆ ముగ్గురి బేరాలు నీ ఎదురుగానే జరుగుతాయి, నీ వంతు వచ్చాక అరకిలో యాపిల్స్ కొను, డబ్బులిచ్చాక కెమెరా చూపించి "దార్ఫ్ ఇష్?" అను. అంటే తియ్యొచ్చా అని. కొన్నవాడు అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది సరే అంటారు, ఇది నా సొంత అనుభవం లెక్క, పుస్తకం లెక్క కాదు. సరే అన్నాక వాళ్ళు పోజు పెడతారు, ఆ పోజు ఫొటో తీసి థ్యాంక్స్ చెప్పు, కానీ అక్కణ్ణుంచి కదలకు, పక్కకి ఒక అడుగు జరిగి యాపిల్ తింటూ నిలబడు. తర్వాత కస్టమర్ రాగానే నువ్వు ఆయనకి గుర్తుండవ్, అప్పుడు అసలు ఫొటో. ఇది మోసం కాదు, ఆయన ఒప్పుకున్నాడు, కాకపోతే పోజు పోయేదాకా నువ్వు ఓపిక పట్టావ్ అంతే.

ఇంకొకటి, వచ్చేవారం ప్రింటు పట్టుకెళ్ళు. జర్మనీలో డీఎం, రాస్‌మాన్ షాపుల్లో ఫొటో మెషిన్ ఉంటది, నిలబడ్డ చోటే ప్రింటు చేతిలోకి వస్తది, సెంట్లలో పని. ఒక్క ప్రింటు ఇస్తే ఆ వరస మొత్తానికి నువ్వు తెలిసినోడివి అయిపోతావ్. మా దగ్గర బిన్నెన్‌రోట్టె మార్కెట్లో ఒక ఆలివ్‌లాయన నేనిచ్చిన ఫొటో కాటా పక్కన టేపుతో అంటించాడు, రెండేళ్ళయింది, నూనె పడి ఆయన మొహం సగం పోయింది, అయినా తియ్యడు.

టైమ్ గురించి. అందరూ పదకొండింటికి వెళ్తారు, అది అన్నిటికంటే చెత్త టైమ్, జనం పట్టరు కానీ అందరూ టూరిస్టులే. రెండు టైములు చెప్తా. ఒకటి తెరిచే ముందు, బల్లలు వేసేటప్పుడు, వ్యాన్ డోర్లు తీసి డబ్బాలు దించేటప్పుడు, వాళ్ళలో వాళ్ళే జోకులు వేసుకుంటూ కాఫీ తాగేటప్పుడు, కస్టమర్ మొహం ఇంకా పెట్టుకోరు. రెండోది మూసే ముందు గంట. ఇది నాకు చాలా ఇష్టం. రోటర్‌డామ్‌లో మంగళవారం, శనివారం బిన్నెన్‌రోట్టెలో మార్కెట్, మధ్యాహ్నం మూడు నాలుగు దాటాక పండ్లన్నీ ప్లాస్టిక్ గిన్నెల్లో పోసి గిన్నె ఒక యూరో, గిన్నె ఒక యూరో అని అరుస్తారు. అచ్చం మన దగ్గర కుప్ప పది రూపాయలు అన్నట్టే. మొదటిసారి విన్నప్పుడు నాకు తెనాలి గుర్తొచ్చి అక్కడే నవ్వొచ్చింది. ఆ గంటలో అమ్మేవాళ్ళకి తొందర, కొనేవాళ్ళకి ఆశ, కింద క్యాబేజీ ఆకులు, నలిగిన అట్టపెట్టెలు, పైన సీగల్ పక్షులు, మధ్యలో మునిసిపాలిటీ ఊడ్చే బండి. ఫ్రాన్స్‌లో వారం వారం వీధి మార్కెట్లు చాలావరకు ఒంటిగంట రెండింటికే ఎత్తేస్తారు, కాబట్టి పారిస్‌లో ఈ గంట మధ్యాహ్నం పన్నెండున్నరకే వస్తది, సాయంత్రం వెళ్దాంలే అనుకుంటే తడి రోడ్డు తప్ప ఏం దొరకదు.

హాంబర్గ్ ఎప్పుడైనా వెళ్తే ఆదివారం ఫిష్‌మార్క్ట్ వదలొద్దు. 1703 నుంచి నడుస్తోంది, వేసవిలో పొద్దున ఐదింటికి మొదలై తొమ్మిదిన్నరకి క్లోజ్. రాత్రంతా రేపర్‌బాన్ అనే బార్ల వీధిలో తాగి నిద్రపోకుండా వచ్చిన కుర్రాళ్ళు ఒకవైపు, చర్చికి వెళ్ళేముందు చేపలు కొనుక్కుందామని వచ్చిన పెద్దవాళ్ళు ఇంకోవైపు, ఇద్దరూ ఒకే బల్ల ముందు. అమ్మేవాళ్ళు లారీ ఎక్కి అరుస్తూ పండ్ల బుట్టలు అమ్ముతారు, వాళ్ళకి కెమెరా అంటే ఇష్టం కూడా, నాటకం కదా. అందుకే అక్కడ అరిచేవాణ్ణి తియ్యకు, అందరూ వాణ్ణే తీస్తారు, వెనక్కి తిరిగి వినేవాళ్ళని తియ్యి.

ఇక వెలుతురు. మనకిది అలవాటు లేని వెలుతురు, ఎందుకో కొంచెం లెక్కతో చెప్తా. తెనాలిలో డిసెంబర్ మధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, మ్యూనిక్‌లో అదే రోజు మధ్యాహ్నం 18 డిగ్రీలు, మా రోటర్‌డామ్‌లో 15 దాటడు. అంటే చలికాలంలో ఎండ కాసిందంటే రోజంతా మన సాయంకాలం వెలుతురే, నీడలు పొడుగ్గా. కానీ వీధి ఇరుకైతే ఆ ఎండ కింది దాకా దిగదు, పైఅంతస్తుల్లోనే ఆగిపోతది. అప్పుడు ఎదురు బిల్డింగ్ కిటికీ అద్దాల వైపు చూడు, అద్దం మీద పడ్డ ఎండ తిరిగి కొట్టి కింద రోడ్డు మీద చిన్న మచ్చలా పడుతుంది, పది నిమిషాల్లో జరిగిపోతది. ఆ మచ్చ దొరికితే నీకు స్టేజ్ లైట్ దొరికినట్టే, దాని పక్కన నిలబడి ఎవరు అందులోకి అడుగు పెడతారో చూడటమే పని.

మార్కెట్లో ఇంకో చిక్కు కొట్ల మీద కప్పే రంగు పట్టాలు. ఎర్ర పట్టా కింద అమ్మేవాడి మొహం కూడా ఎర్రగా ఉంటది, పచ్చ పట్టా కింద జబ్బు చేసినోడిలా ఉంటాడు. సిసిలీలో పాలెర్మో బల్లారో మార్కెట్లో నేను ఈ దెబ్బ బాగా తిన్నా, అక్కడ ఎర్రటి పట్టాల కింద మాంసం, చేపలు నిగనిగలాడుతుంటాయి, అమ్మేవాళ్ళ కేకలకి అక్కడ అబ్బన్నియాతా అని ప్రత్యేకంగా పేరే ఉంది, రోజంతా మైమరిచి తీశా, ఇంటికొచ్చి చూస్తే అన్ని మొహాలూ టమాటాలే. రంగుల్ని కెమెరా తనే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ ఒక్కో ఫ్రేముకి ఒక్కో రకంగా మార్చేసింది. అప్పట్నుంచి దాన్ని డేలైట్‌లో లాక్ చేసి, కెమెరా ఏమీ మార్చకుండా దాచే రా ఫైల్ తీసి, తర్వాత ఒకేసారి సరిచేసుకుంటున్నా, మరీ కుదరకపోతే నలుపు తెలుపు. నలుపు తెలుపు కళ అని కాదులే, కొన్నిసార్లు అది పట్టాకి మందు.

నీ కెమెరాకి సెట్టింగ్స్. కిట్ లెన్స్ చాలు. జూమ్ రింగుని 22 దగ్గర పెట్టి చిన్న టేపు ముక్క అంటించెయ్, నిజంగానే చెప్తున్నా, నీ క్రాప్ సెన్సర్ మీద అది పాతకాలం 35 ఎంఎంతో సమానం, రెండు నెలలు ఆ టేపు తియ్యకు. అపెర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్ 8, షట్టర్ సెకనులో 500వ వంతు, ఐఎస్ఓ (వెలుతురుని ఎంత పెంచి చూపించాలనే సెట్టింగ్) ఆటో, 6400 దాకా వదిలెయ్. రెండు మీటర్ల దూరంలో ఉన్న దేని మీదైనా ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చెయ్. అప్పుడు సుమారు 1.2 మీటర్ల నుంచి 5 మీటర్ల దాకా అంతా పనికొచ్చేంత షార్ప్‌గా వస్తది, కెమెరా ఫోకస్ కోసం వెతుక్కునే గోలే ఉండదు. మబ్బు రోజు పట్టా కింద ఐఎస్ఓ 1600, 3200 అవుతుంది, గ్రెయిన్, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు, వస్తది, రానీ. ఎవరూ గ్రెయిన్ చూసి ఫొటో వదిలెయ్యరు, మసక మొహం చూసి వదిలేస్తారు. రీకో జీఆర్ లాంటి జేబు కెమెరాల్లో ఈ దూరం ముందే సెట్ చేసుకునే స్నాప్ ఫోకస్ ఉంటది, అందుకే స్ట్రీట్ వాళ్ళకి అదంటే అంత మోజు, కానీ ఇప్పుడే కొనకు, టేపు రెండు సెంట్లు.

పైకప్పు ఉన్న హాల్లోకి వెళ్తే రెండు జాగ్రత్తలు. యూరప్‌లో కరెంట్ 50 హెర్ట్జ్, కాబట్టి కొన్ని లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతుంటాయి, కంటికి తెలీదు కానీ ఎలక్ట్రానిక్ షట్టర్‌తో 500వ వంతులో తీస్తే ఫొటో మీద అడ్డంగా చారలు పడతాయి. మెకానికల్ షట్టర్‌కి మార్చి 100వ వంతులో తియ్యి, కదిలే చెయ్యి కొంచెం చెరిగిపోయినా బాగానే ఉంటది. రెండోది, హాలు అంటే ఎవరో ఒకరి ఆస్తి, వాళ్ళ రూలు వాళ్ళది, గార్డు వచ్చి వద్దంటే వాదించకు. మా రోటర్‌డామ్‌లో మార్క్‌తాల్ అనే మార్కెట్ హాలు 2014లో తెరిచారు, గుర్రపు లాడం ఆకారంలో పెద్ద కమాను, లోపల పైకప్పు మొత్తం పండ్లు కూరగాయల బొమ్మ, 11,000 చదరపు మీటర్లు. లోపలికొచ్చిన ప్రతివాడూ తల పైకెత్తి ఆ బొమ్మ తీస్తాడు. నేను పదేళ్ళలో అక్కడ దాచుకోదగ్గ ఫొటోలు నాలుగే తీశా, నాలుగూ తల పైకెత్తిన జనానివే, బొమ్మ ఒక్కదాంట్లో కూడా లేదు.

ఇప్పుడు వాకింగ్ స్ట్రీట్లు. ఇక్కడ బేరం బయట కనపడదు, అద్దాల లోపల జరుగుతుంది, బయట ఉండేది నడక మాత్రమే. అందుకే మార్కెట్ పద్ధతి ఇక్కడ పనిచెయ్యదు.

మనకి ఈ వీధులు ఎప్పట్నుంచో ఇలాగే ఉన్నట్టనిపిస్తది, కాదు, చాలావరకు మా నాన్న వయసువే. మే 14, 1940న బాంబులు పడి రోటర్‌డామ్ నడిబొడ్డు తగలబడిపోయింది, ఆ ఖాళీలో 1953లో లెయిన్‌బాన్ కట్టారు, బండ్లే రాని షాపుల వీధిగా. అదే ఏడాది జర్మనీలో కాసెల్‌లో ట్రెప్పెన్‌స్ట్రాసె. కోపెన్‌హాగెన్‌లో 1962లో స్ట్రోగెట్‌లో కార్లు ఆపేస్తే మేమేమన్నా ఇటాలియన్లమా ఈ చలిలో రోడ్ల మీద తిరగడానికి అని జనం వెక్కిరించారట, ఇప్పుడు కిలోమీటరు పైన పొడుగున్న ఆ వీధిలో అడుగు పెట్టే చోటుండదు. మీ మ్యూనిక్ నొయ్‌హౌసర్, కౌఫింగర్ వీధులు 1972లో ఒలింపిక్స్‌కి ముందు నడిచేవాళ్ళకి వదిలారు. ఇదంతా ఎందుకు చెప్తున్నా అంటే, ఈ వీధులు ఒక ప్లాను ప్రకారం కట్టినవి, జనం ఎటు నుంచి ఎటు నడవాలో ఎక్కడ ఆగాలో ముందే అనుకుని కట్టినవి. నువ్వు ఆ ప్లాను చదువుకుంటే ఫొటో ఎక్కడ పుడుతుందో తెలుస్తది. లెయిన్‌బాన్‌లో షాపుల ముందు పొడుగ్గా చూరు ఉంటది, చూరు కింద నీడ, మధ్యలో ఎండ, వాన మొదలవగానే మధ్యలో ఉన్నవాళ్ళందరూ ఒక్క క్షణంలో చూరు కిందకి చేరతారు, వీధి మధ్య గొడుగు ఉన్న ఒక్కడే మిగులుతాడు. ఆ ఒక్కడి కోసం నేను వానలో ఎన్నిసార్లు తడిశానో మా ఆవిణ్ణి అడుగు.

నీ దగ్గర చూడు, కార్ల్స్‌టోర్ అనే పాత ఊరి గేటు నుంచి మారియెన్‌ప్లాట్జ్ దాకా వీధి దాదాపు పడమర నుంచి తూర్పుకి ఉంటది. ఏప్రిల్ చివర్లో, మళ్ళీ ఆగస్టులో సాయంత్రం ఏడు ఏడున్నర ప్రాంతంలో సూర్యుడు కార్ల్స్‌టోర్ వైపు నుంచి వీధి పొడవునా కొడతాడు. బవేరియాలో మామూలుగా షాపులు ఎనిమిదింటికల్లా మూసెయ్యాలి కాబట్టి అదే టైముకి సంచులతో జనం బయటపడతారు. ఎండకి ఎదురుగా నిలబడితే అందరూ నీడ బొమ్మలు, ఎండకి వీపు పెట్టి నిలబడితే అందరూ కళ్ళు చికిలించి చెయ్యి అడ్డం పెట్టుకుని వస్తుంటారు. రెండూ బాగుంటాయి, రోజుకొకటి చెయ్యి. ఒక మూల చూసుకుని గోడకి ఆనుకుని నలభై నిమిషాలు కదలకుండా నిలబడాలి. మొదటి పది నిమిషాలు నరకం, నువ్వేదో నేరం చేస్తున్నట్టు అనిపిస్తది, పదిహేను దాటాక నువ్వు చెత్తడబ్బాతో సమానం, ఎవడూ చూడడు. నడుస్తూ తీసేవాడు జనం మొహాల మీదకి వెళ్ళినట్టుంటది, నిలబడ్డవాడి ఫ్రేములోకి జనమే వస్తారు.

ఆదివారం కూడా ఒకసారి వెళ్ళు. జర్మనీలో ఆదివారం షాపులు మూత, ఆ వీధి అంతా కిటికీల్లో బొమ్మలూ బయట పావురాలూ, అద్దాల్లో తమని తాము చూసుకుంటూ నడిచే ముసలి దంపతులు. కొనడానికి ఏమీ లేనప్పుడు షాపింగ్ వీధిలోకి జనం ఎందుకొస్తారో అనేది నాకు ఇప్పటికీ పెద్ద సబ్జెక్టు. స్పెయిన్, ఇటలీలో ఇంకో రకం, మధ్యాహ్నం చిన్న షాపులు మూసేసి నిద్ర, సాయంత్రం ఆరు దాటాక పిల్లాజెల్లాతో సహా ఊరంతా మంచి బట్టలేసుకుని వీధిలో అటూ ఇటూ నడుస్తారు, ఇటలీలో పాసెజ్జాతా అంటారు. వాళ్ళు చూడ్డానికి, చూపించుకోడానికి వచ్చినవాళ్ళు, కెమెరాని అంతగా పట్టించుకోరు.

చట్టం. నేను లాయర్ని కాదు, కానీ ఇన్నేళ్ళు తీస్తూ ఇవి తెలుసుకోక తప్పలేదు. జర్మనీలో 1907 నాటి చట్టం ఇంకా నడుస్తోంది, గుర్తుపట్టగలిగే మనిషి ఫొటో బయట పెట్టాలంటే ఆ మనిషి అనుమతి కావాలి, గుంపులో భాగమైనా, దృశ్యంలో ఏదో ఒక మూల ఉన్నా, కళ కోసమైనా కొన్ని మినహాయింపులున్నాయి. 2013లో బెర్లిన్‌లో ఒక ఎగ్జిబిషన్‌లో రోడ్డు దాటుతున్న ఒకావిడ ఫొటోని పెద్ద బోర్డుగా చేసి రోడ్డు పక్కనే పెట్టారు, ఆవిడ కేసు వేసింది, అది రాజ్యాంగ కోర్టు దాకా వెళ్ళింది. 2018లో కోర్టు ఏమందంటే, స్ట్రీట్ ఫొటోగ్రఫీ కళే, మనుషులకి చెప్పకుండా తియ్యడం దాని స్వభావమే, కానీ అంత పెద్ద సైజులో దారినపోయే అందరికీ కనపడేలా పెట్టడం ఆవిడ హక్కుని మరీ దెబ్బతీసింది అని కింది కోర్టు తీర్పుని అలాగే ఉంచింది. కాబట్టి ఫొటో ఏంటి అన్నదానితోపాటు ఎక్కడ, ఎంత పెద్దగా పెట్టావ్ అనేది కూడా లెక్కలోకొస్తది.

ఫ్రాన్స్‌లో వీధిలో తియ్యడం సమస్య కాదు, ఒక మనిషిని విడిగా గుర్తుపట్టేలా చూపించి పబ్లిష్ చేస్తే గొడవ రావచ్చు, ముఖ్యంగా వాళ్ళ పరువు తీసేలా ఉంటే. దువానో అనే ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ 1950లో పారిస్ సిటీ హాల్ ముందు తీసిన ముద్దు ఫొటో తెలుసుగా, అది మేమే అని 1990ల్లో ఒక జంట కోర్టుకెక్కితే, ఆయన అది నటన నేర్చుకునే పిల్లలని పెట్టి తీసిన ఫొటో అని చెప్పాల్సొచ్చింది. ప్రపంచం మొత్తం వీధిలో దొరికిన క్షణం అనుకున్న ఫొటో! స్పెయిన్ మరీ గట్టి, అక్కడ 1982 చట్టంలో అనుమతి లేకుండా తియ్యడం కూడా తప్పు కిందే లెక్క, మనిషి ఫ్రేములో ముఖ్యం కాకుండా ఉంటే మినహాయింపు. హంగరీలో 2014 నుంచి సివిల్ కోడ్ ప్రకారం తియ్యడానికే ఒప్పుకోలు కావాలి, గుంపు ఫొటోలకి తప్ప. కాబట్టి బుడాపెస్ట్‌లో 1897 నాటి ఆ పెద్ద మార్కెట్ హాలు ఎంత అందంగా ఉన్నా అక్కడ అడిగి తియ్యి. బ్రిటన్‌లో పబ్లిక్ రోడ్డు మీద దాదాపు ఇబ్బంది లేదు, కాకపోతే రోడ్డులా కనపడే చాలా జాగాలు అక్కడ ప్రైవేటువి.

ఏ దేశమైనా నా సొంత రూళ్ళు మూడు. తల్లిదండ్రులు చూడకుండా పిల్లల్ని తియ్యను. అడుక్కునేవాళ్ళని, రోడ్డు మీద పడుకున్నవాళ్ళని తియ్యను. ఎవరైనా డిలీట్ చెయ్యమంటే వాళ్ళ ఎదురుగానే చేసేస్తా, హక్కుల గురించి లెక్చర్ ఇవ్వను. పన్నెండు మందో పదమూడు మందో అడిగుంటారు ఇన్నేళ్ళలో, ఒక్క ఫొటోకి కూడా తర్వాత బాధపడలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది, మన రంగు. తెల్లవాడు కెమెరాతో నిలబడితే ఆర్టిస్టు, మనం నిలబడితే ఒక్కోసారి అనుమానం. అన్ని చోట్లా కాదు, కానీ ఉంటది, లేదని చెప్తే అబద్ధం. అందుకని చిన్న కెమెరా మెడలో బయటికి కనపడేలా వేసుకుంటా, దాచను, దాస్తేనే అనుమానం. మళ్ళీ దీనికి ఇంకో వైపు ఉంది, బంగ్లాదేశ్, పాకిస్తాన్, సురినామ్ (దక్షిణ అమెరికాలో ఒకప్పటి డచ్ కాలనీ), మొరాకో వాళ్ళ కొట్లలో మనల్ని చూసి ఎక్కణ్ణుంచి అని మొదలుపెట్టి టీ దాకా వెళ్తారు. డెన్ హాగ్‌లో (మనం హేగ్ అంటాం) ఒక సురినామ్ ముసలాయన నాకు బెండకాయలు కొసరు వేసి మరీ ఫొటో తీయించుకున్నాడు, వాళ్ళ తాతల నాన్నలు మన దేశం నుంచే ఓడెక్కారట.

నీ ట్రిప్పుకి. పారిస్‌లో మూఫ్తార్ వీధి అందరూ వెళ్తారు, కార్టియే బ్రెస్సాన్ అనే పెద్ద ఫొటోగ్రాఫర్ ఆ వీధిలో రెండు వైన్ సీసాలు చంకలో పెట్టుకుని వచ్చే పిల్లాణ్ణి తీసినప్పట్నుంచి అదొక పుణ్యక్షేత్రం. వెళ్ళు, దండం పెట్టుకుని వచ్చెయ్. ఫొటోల కోసం మార్షే దాలీగ్ర్‌కి వెళ్ళు, సోమవారం తప్ప రోజూ పొద్దున ఉంటది, పక్కనే పాత కప్పు హాలు, ఎదురుగా పాతసామాన్లు. బార్బెస్‌లో మెట్రో బ్రిడ్జి కింద బుధ, శనివారాల్లో మార్కెట్, ఇరుకు, తోపులాట, బ్రిడ్జి నీడ, స్తంభాల మధ్య నుంచి పడే ఎండ చారలు, చూడ్డానికి స్వర్గం, కానీ అక్కడ చాలామందికి కెమెరా అంటే అస్సలు పడదు, మొదటిసారి కెమెరా లేకుండా వెళ్ళి కొత్తిమీర, పుదీనా కొనుక్కునిరా, రెండోసారి తియ్యి.

బార్సిలోనాలో బొకేరియా మీద ఆశలు పెట్టుకోకు. 1840 నాటి మార్కెట్, పెద్దదే, కానీ జ్యూస్ కప్పులు పట్టుకున్న మనలాంటోళ్ళతో నిండిపోయింది, రద్దీ భరించలేక శుక్ర, శనివారాల పొద్దున 15 మందికి మించిన టూర్ గుంపుల్ని రానివ్వకుండా ఆపాల్సొచ్చింది. తప్పదంటే పొద్దున తెరవగానే వెనక గేటు నుంచి వెళ్ళు. దానికంటే సాంత్ ఆంటోనికి ఆదివారం పొద్దున వెళ్ళు, ఆ హాలు చుట్టూ పాత పుస్తకాలు, కామిక్స్, పోస్టుకార్డుల మార్కెట్ పెడతారు, ముసలాళ్ళు ముక్కు పేజీలో దూర్చి నిలబడతారు, ఫుట్‌బాల్ స్టిక్కర్లు మార్చుకునే బేరాలు మన కోఠీ పుస్తకాల బేరాలకి ఏమాత్రం తగ్గవు. పుస్తకంలో మునిగినవాడు నిన్ను చూడడు, స్పెయిన్ చట్టం గుర్తుంది కాబట్టి మొహాలకంటే చేతులు, వీపులు, పుస్తకాల మధ్య వేళ్ళు చూడు. బొకేరియా ముందుండే రాంబ్లా వీధి మీద మాత్రం కెమెరా బెల్టు అడ్డంగా భుజాన వేసుకో, జేబుదొంగలు నీకంటే ఓపికగా నిలబడి ఉంటారు.

ఆ జూమ్ డబ్బుల్లో సగం రైలు టికెట్లకి, పావు ప్రింట్లకి, మిగతాది యాపిల్స్‌కి పెట్టుకో. తిరిగొచ్చాక నాలుగొందలు కాకుండా పది ఫొటోలు పెట్టు, అందులో సరుకు ఫొటో ఒక్కటి కూడా ఉండకూడదు. ఇటువైపు వస్తే మంగళవారమో శనివారమో చూసుకుని రా, మూడింటికి బిన్నెన్‌రోట్టెలో ఆ ఆలివ్‌లాయన కొట్టు దగ్గరే ఉంటా, కిబ్బెలింగ్ అని వేడి వేడి చేప వేపుడు ముక్కలు అమ్ముతారు పక్కనే, అది నా ఖర్చు.